"ఆల్ ఓకే" అని రాయకండి: గార్డు రిజిస్టర్‌లో ఏం ఉండాలి, ఎవరికి ఎప్పుడు చెప్పాలి

అడిగిన తమ్ముడి పరిస్థితి ఇది. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ డ్యూటీ. ఉదయం ఏడింటికి బి బ్లాక్ ఆయన కిందికి దిగి చూస్తే సెల్లార్‌లో ఆయన బైక్ బ్యాటరీ లేదు. రాత్రి రిజిస్టర్ తీస్తే గంట గంటకీ "ఆల్ ఓకే" అని ఉంది. ఇప్పుడు సూపర్‌వైజర్ ఆ పేజీ చింపేసి కొత్తగా రాయమంటున్నాడు. అసోసియేషన్ వాళ్లు బ్యాటరీ డబ్బులు జీతంలో కోస్తామంటున్నారు. బైక్ యజమాని పోలీసుల దగ్గరికి వెళ్తానంటున్నాడు. పేజీ మార్చాలా వద్దా, ఇకముందు ఎలా రాయాలి, ఎవరికి చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

నేను సైన్యం నుంచి వచ్చాక ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఇప్పుడు కొత్తగా చేరే గార్డులకు శిక్షణ ఇస్తున్నాను. మీలాంటి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేజీ సంగతి. దాన్ని ముట్టుకోకండి. చింపొద్దు, దిద్దొద్దు, ఖాళీ జాగాలో ఇరికించి రాయొద్దు. బ్యాటరీ పోవడం ఎవరో బయటివాడు చేసిన పని కావచ్చు. పేజీ మార్చడం మాత్రం మీ చేతిరాతతో, మీ సంతకంతో మీరు చేసిన పని అవుతుంది. పోలీసులు వచ్చి రిజిస్టర్ కుట్టు దగ్గర చూస్తే చిరిగిన పేజీ ఇట్టే దొరికిపోతుంది. అప్పటిదాకా సాక్షిగా ఉన్న మీరు ఆ క్షణం నుంచి అనుమానితుడవుతారు. సాక్ష్యాన్ని మాయం చేయడం, తప్పుడు సాక్ష్యం తయారు చేయడం వేరే నేరాలు. బ్యాటరీ దొంగతనంతో పోలిస్తే వాటికి పడే శిక్షే ఎక్కువ కావచ్చు. సూపర్‌వైజర్ చెప్పాడు కాబట్టి చేశానంటే అక్కడ చెల్లదు.

దానికి బదులు ఈరోజే, ఈరోజు తేదీతో, మీరు రాస్తున్న టైమ్ వేసి కొత్త ఎంట్రీ రాయండి. "ఆలస్యంగా నమోదు" అని మొదలుపెట్టండి. ఇలా ఉండొచ్చు: "ఆలస్యంగా నమోదు. రాస్తున్న సమయం 19.40. నిన్న 20.00 నుంచి ఈరోజు 08.00 వరకు మెయిన్ గేట్ డ్యూటీలో ఉన్నాను. రాత్రి 23.00కి, 03.00కి సెల్లార్‌లో తిరిగాను. బి-304 వారి బైక్‌ను ప్రత్యేకంగా చూడలేదు. మిగతా గంటల్లో గేటు దగ్గర నుంచే ఆల్ ఓకే అని రాశాను. 07.05కి బి-304 వారు వచ్చి బ్యాటరీ లేదని చెప్పారు. 07.10కి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. 07.20కి ఇద్దరం వెళ్లి చూశాం. బైక్ పక్క కవర్ తీసి కింద పెట్టి ఉంది." ఇది నమూనా మాత్రమే. ఇందులో మీకు నిజంగా జరిగిందే ఉండాలి. సెల్లార్‌కు అసలు వెళ్లకపోతే వెళ్లలేదనే రాయండి. ఆలస్యంగా రాసిన నిజానికి విలువ తగ్గవచ్చు కానీ పోదు. వెనక తేదీ వేసి రాసిన దానికి అసలు విలువే ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "ఆల్ ఓకే" అన్న మాటలో మీరు ఏం చూశారో లేదు, ఎక్కడ నిలబడి చూశారో లేదు. అంతా బాగుందని మీరు హామీ ఇచ్చినట్టుగా మాత్రం ఉంది. సెల్లార్‌లో రెండు వందల బండ్లు ఉంటే ప్రతి బండికీ బ్యాటరీ ఉందని మీరు సంతకం చేసినట్టు లెక్క. ఏ గార్డూ అంత హామీ ఇవ్వలేడు. మీరు ఇవ్వగలిగింది ఒక్కటే. ఈ టైమ్‌కి ఈ చోట ఉన్నాను, ఇది చూశాను, ఇది విన్నాను, ఇది చేశాను. నేను శిక్షణలో చెప్పేది మొత్తం ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది. రిజిస్టర్ ఉన్నది యజమానిని సంతోషపెట్టడానికి కాదు. ఆ రాత్రి మీ కళ్లు, చెవులు ఎక్కడున్నాయో చెప్పడానికి.

కాబట్టి రౌండ్ వేసినప్పుడు ఇలా రాయండి: "02.10. సెల్లార్-2. ర్యాంప్ నుంచి లిఫ్ట్ వరకు నడిచాను. 14వ పిల్లర్ దగ్గర లైటు వెలగడం లేదు. జనరేటర్ గదికి తాళం ఉంది, లాగి చూశాను. ఎవరూ కనిపించలేదు." పట్టుమని నాలుగు ముక్కలు. రెండు నిమిషాల పని. రేపు ఆ పిల్లర్ దగ్గరే దొంగతనం జరిగితే లైటు లేదన్న సంగతి మీరు ముందే రాసినట్టు ఉంటుంది. లైటు వేయించాల్సింది ఎవరో వాళ్లే సమాధానం చెప్పుకుంటారు. పాడైన లైటు, విరిగిన గ్రిల్, తిరగని కెమెరా, సగం మూసుకునే గేటు, ఇవన్నీ రాయాల్సినవే. ఏదో జరిగినప్పుడే రాయాలనుకోవడం చాలామంది గార్డులు పడే పొరపాటు. పెద్ద ఘటనకు ముందు వారం రోజులుగా చిన్న చిన్న సూచనలు కనిపిస్తూనే ఉంటాయి. అవి రాసి ఉన్న రిజిస్టర్ వేరు, లేని రిజిస్టర్ వేరు.

టైమ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కేసులు తడబడేది ఇక్కడే. 24 గంటల లెక్కలోనే రాయండి. "2 గంటలకు" అంటే పగలా రాత్రా అని ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. నైట్ డ్యూటీలో మధ్యలో తేదీ మారుతుంది. 00.00 దాటగానే ఒక గీత గీసి కొత్త తేదీ వేయండి. ఇది చాలామంది చేయరు. పేజీ పైన 14వ తేదీ అని ఉంటుంది, ఘటన జరిగింది 15 తెల్లవారుజామున. కంప్లయింట్‌లో ఒక తేదీ, రిజిస్టర్‌లో ఒక తేదీ వచ్చి అందరూ తల పట్టుకుంటారు. ఇంకో సంగతి, సీసీ కెమెరా రికార్డర్‌లో గడియారం సరిగ్గా ఉంటుందనే నమ్మకం లేదు. డ్యూటీ ఎక్కగానే మానిటర్ మీద టైమ్, మీ ఫోన్‌లో టైమ్ పోల్చి చూసి, "రికార్డర్ టైమ్ 7 నిమిషాలు ముందుంది" అని ఒక లైను రాయండి. మీరు 02.10కి సెల్లార్‌లో ఉన్నానని రాశారు, కెమెరాలో 02.17కి కనిపించారు అనుకోండి. ఆ లైను లేకపోతే మీరు అబద్ధం రాశారంటారు. ఆ లైను ఉంటే ఆ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి.

ఇక ఏదైనా నిజంగా జరిగినప్పుడు. గేటు క్యాబిన్‌లో ఉండే రిజిస్టర్ ఒకటి, విడిగా ఇచ్చే ఇన్సిడెంట్ రిపోర్ట్ ఇంకొకటి. ఈ రెండింటికంటే ముందు మీ జేబులో చిన్న నోట్‌బుక్, పెన్ను ఉండాలి. గొడవ జరుగుతుంటే రిజిస్టర్ ముందు కూర్చోలేరు. బండి నంబరు, టైమ్, ఆ మనిషి వెళ్లిన దారి, ఈ మూడు ముక్కలు జేబు పుస్తకంలో గీకేయండి. పరిస్థితి సర్దుకోగానే రిజిస్టర్‌లో వరుసగా రాయండి. రిపోర్ట్ మాత్రం డ్యూటీ దిగకముందే రాయాలి. ఇంటికెళ్లి పడుకుని లేచి రాద్దామంటే ఈలోపు నలుగురూ నాలుగు రకాలుగా చెప్పిన మాటలు మీ జ్ఞాపకంలో కలిసిపోతాయి. పన్నెండు గంటల డ్యూటీ చేసి ఒళ్లు తూలుతున్నప్పుడు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ పావుగంట ఆగి రాసి వెళ్లండి.

రాసేటప్పుడు చూసినదానికీ, అనుకున్నదానికీ మధ్య గీత ఉండాలి. ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గరికి దిద్దడానికి వచ్చే రిపోర్టులు చాలావరకు ఇలా ఉంటాయి: "రాత్రి ఒక దొంగ తాగి గోడ దూకి వచ్చాడు. నేను పట్టుకోబోతే పారిపోయాడు. పైపెచ్చు నన్ను తిట్టాడు." చదివితే కథ అర్థమైనట్టే ఉంటుంది, కానీ పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. అతను దొంగ అని ఎలా తెలుసు? ఏం పోయింది? తాగాడని ఎలా తెలిసింది? ఏ గోడ? ఎటు పారిపోయాడు?

అదే ఘటన ఇలా రాయాలి: "01.35. గేట్-2 క్యాబిన్‌లో ఉన్నాను. పార్కు వైపు ఏదో పడిన చప్పుడు వినిపించింది. టార్చ్ వేసి చూస్తే వెనక కాంపౌండ్ గోడకు లోపలి వైపు ఒక మగ వ్యక్తి నిలబడి ఉన్నాడు. గోడ దూకడం నేను చూడలేదు. వయసు 25-30 ఉండొచ్చు. నాకంటే కొంచెం పొట్టి. నల్ల టీషర్టు, నీలం జీన్స్, కాళ్లకు చెప్పులు లేవు. చేతిలో ఏమీ కనిపించలేదు. 'ఎవరు, ఏ ఫ్లాట్' అని అడిగాను. మాట తడబడింది, మద్యం వాసన వచ్చింది. [అతను అన్న బూతు మాట ఇక్కడ యథాతథంగా] అని, అదే గోడ ఎక్కి బస్టాప్ వైపు పరుగెత్తాడు. 01.38కి వాకీటాకీలో మెయిన్ గేట్‌కు చెప్పాను. 01.41కి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. 01.45కి పార్కు, ఎ బ్లాక్ సెల్లార్ తిరిగాను. ఏమీ చెదిరినట్టు కనిపించలేదు."

ఇందులో "గోడ దూకడం నేను చూడలేదు" అన్న వాక్యం చూడండి. చూడనిదాన్ని చూడలేదని రాసినవాడి మిగతా మాటలన్నీ నమ్ముతారు. ఎవరైనా మీకు చెప్పిన విషయమైతే, "పాలు వేసే అబ్బాయి చెప్పాడు" అని చెప్పినవారెవరో రాసి, వాళ్లన్న మాటలు వాళ్ల భాషలోనే పెట్టండి. బూతులైనా సరే, రిపోర్టులో యథాతథంగా రాయాల్సిందే. మీరు మర్యాదగా మార్చి రాస్తే బెదిరింపు కాస్తా మామూలు మాటైపోతుంది. మనిషి పోలికలు తల నుంచి కాళ్ల దాకా వరుసగా రాస్తే ఏదీ మరిచిపోరు. అతని కులం, మతం, ఏ రాష్ట్రం వాడో మీ ఊహతో రాయకండి. "హిందీలో మాట్లాడాడు" అన్నది మీరు విన్న విషయం. "బీహార్ వాడు" అన్నది మీ ఊహ.

భాష గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ గేట్ల దగ్గర ఒడిశా నుంచి, బీహార్ నుంచి, అస్సాం నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది. మన శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ వాళ్లూ ఉన్నారు. రాని ఇంగ్లిష్‌లో "థెఫ్ట్ ఇన్ సెల్లార్" అని రెండు ముక్కలు రాసేకంటే, వచ్చిన భాషలో పది వాక్యాలు రాయడం మేలు. ఒడియాలో రాసినా ఫరవాలేదు, కోర్టుకు అనువదించేవాళ్లు దొరుకుతారు. రాయడం రాని గార్డు ఉంటే అతను చెప్పింది చెప్పినట్టు ఇంకొకరు రాసి, అతనికి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని, రాసినవారి పేరు కింద పెట్టాలి. దీనికి సిగ్గుపడాల్సిన పనిలేదు. సూపర్‌వైజర్లు విసుక్కోకుండా ఈ పని చేయాలని నా గట్టి కోరిక.

రిజిస్టర్ కట్టుబాట్లు మీకు తెలిసే ఉంటాయి, త్వరగా చెప్పేస్తాను. పేజీలకు ముందే నంబర్లు వేసి ఉండాలి. బాల్ పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే కింది అక్షరాలు కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. వైట్‌నర్ వాడకూడదు. ఎంట్రీల మధ్య ఖాళీ లైన్లు వదలకూడదు, వదిలితే ఎవరైనా అక్కడ ఏదైనా రాసిపెట్టవచ్చు. ఘటన రాశాక ఆ పేజీని ఫొటో తీసి సూపర్‌వైజర్‌కు పంపండి. ఫలానా టైమ్‌కి ఈ పేజీ ఇలాగే ఉందని ఆ మెసేజ్ చెబుతుంది. తర్వాత ఎవరు ఒత్తిడి చేసినా పేజీ మార్చడం కుదరదు. ఇది మీకు ఖర్చు లేని రక్ష.

ఎవరికి ముందు చెప్పాలన్న ప్రశ్నకు నా సమాధానం చాలామంది ఏజెన్సీల పద్ధతికి విరుద్ధంగా ఉంటుంది. ఏం జరిగినా ముందు సూపర్‌వైజర్‌కు చెప్పాలి, ఆయన ఫీల్డ్ ఆఫీసర్‌కు చెబుతాడు, ఆయన అసోసియేషన్ సెక్రటరీకి చెబుతాడు అని నేర్పిస్తారు. సామాన్లు పోయిన విషయానికి ఆ వరుస సరే. మనిషి ప్రాణం మీదకు వస్తే ఆ వరుస పాటించకండి. ఎవరైనా కుప్పకూలితే 108, మంటలైతే 101, కొట్లాట, దాడి, ఇంట్లోకి చొరబాటు అయితే 112. అది అయ్యాకే సూపర్‌వైజర్. రాత్రి రెండింటికి సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తడం లేదని పది నిమిషాలు రింగ్ చేస్తూ కూర్చుంటే ఆ పది నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఫోన్‌లో ముందు అడ్రస్ చెప్పండి, తర్వాత ఏం జరిగింది, ఎంతమందికి, ఇప్పుడు ఎలా ఉంది. అడ్రస్ చెప్పాక లైన్ కట్ అయినా వాళ్లు బయల్దేరగలరు. టెన్షన్‌లో బ్లాక్ పేరు, ల్యాండ్‌మార్క్ తడబడతాయి. అందుకే క్యాబిన్ గోడ మీద పూర్తి అడ్రస్, అవసరమైన నంబర్లు పెద్ద అక్షరాలతో అంటించి ఉంచండి. చేసిన ప్రతి ఫోన్‌నూ రాయండి: ఎన్నింటికి చేశారు, ఎవరు ఎత్తారు, ఎత్తకపోతే ఎత్తలేదని.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో జరిగింది చెబుతాను. ఒక పేషెంట్ చనిపోయాడు. గార్డు గేటు తీయకపోవడం వల్ల అంబులెన్స్ పావుగంట బయటే ఆగిందని బంధువులు ఆరోపించారు. వాళ్ల దుఃఖంలో వాళ్లకు అలాగే అనిపించి ఉంటుంది. ఆ గార్డు రిజిస్టర్‌లో "02.47 అంబులెన్స్ వచ్చింది, గేటు తీశాను. 02.48 స్ట్రెచర్ లోపలికి వెళ్లింది" అని ఉంది. కెమెరాలోనూ అంతే ఉంది. ఆ రెండు లైన్లు లేకపోతే ఆ అబ్బాయి ఉద్యోగం ఆ రోజే పోయేది. అతను అవి రాసింది ఎవరో అడుగుతారని కాదు. ప్రతి అంబులెన్స్‌కూ అలాగే రాసేవాడు. రోజూ ఒకే పద్ధతిలో రాసే రిజిస్టర్‌కు అందుకే విలువ. ఆ ఒక్కరోజే వివరంగా ఉంటే దాన్ని ఎవరూ నమ్మరు.

వాట్సాప్ గ్రూపులతో జాగ్రత్త. గ్రూప్‌లో మెసేజ్ పెట్టి రిపోర్ట్ ఇచ్చేశామనుకుంటారు. గ్రూప్‌లో వంద ఫ్లాట్ల వాళ్లు ఉంటారు. దెబ్బలు తగిలినవాళ్ల ఫొటోలు, ఆడవాళ్ల, పిల్లల ఫొటోలు అక్కడ పెట్టకండి. కెమెరాలో కనిపించిన మనిషి ఫొటో పెట్టి "దొంగ" అని రాస్తే, అతను కొరియర్ అబ్బాయి అని తేలితే, పరువు నష్టం కేసు మీ మీదికే వస్తుంది. ఫొటో పోలీసులకు, సూపర్‌వైజర్‌కు చాలు.

ఆడవాళ్ల మీద వేధింపు, పిల్లల మీద లైంగిక దాడి లాంటివి గేటు రిజిస్టర్‌లో పేర్లతో రాయకూడదు. ఆ రిజిస్టర్‌ను పాలవాడు, డెలివరీ బాయ్ అందరూ చూస్తారు. "21.15. ఒక నివాసి నుంచి ఫిర్యాదు. వివరాలు విడిగా ఇచ్చాను" అని మాత్రం రాసి, అసలు రిపోర్ట్ మూసిన కవర్‌లో ఇవ్వండి. అత్యాచారం, పిల్లల మీద లైంగిక దాడి లాంటి నేరాల్లో బాధితుల పేరు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. పిల్లల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని, జరగబోతోందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. గార్డుకు మినహాయింపు లేదు. "మన కమ్యూనిటీ పేరు పోతుంది, లోపలే మాట్లాడుకుందాం" అని సెక్రటరీ అన్నా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ 112కి గానీ చేయండి.

ఎవరినైనా పట్టుకుంటే ఏం చేయాలన్నది చాలామందికి తెలియదు, ఇక్కడే మంచి గార్డులు కేసుల్లో ఇరుక్కుంటారు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ మామూలు పౌరుడు కూడా ఒక మనిషిని పట్టుకోవచ్చని చెబుతోంది. కానీ తన ఎదుటే, బెయిల్ దొరకని, పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే నేరం జరిగి ఉండాలి. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కొత్త చట్టంలో 5,000 రూపాయల లోపు మామూలు దొంగతనం బెయిల్ దొరికే నేరమే, కోర్టు అనుమతి లేకుండా పోలీసులు కూడా అందులో నేరుగా అరెస్ట్ చేయలేరు. బైక్ బ్యాటరీ చాలాసార్లు ఆ లోపే ఉంటుంది. ఇల్లు చొరబడి చేసిన దొంగతనం అలా కాదు. ఏది ఏ కోవకు వస్తుందో తేల్చడం గార్డు పని కాదు కాబట్టి, అనుమానం ఉన్న చోట వెంటనే 112కి చేసి వాళ్లు చెప్పినట్టు నడుచుకోండి. స్తంభానికి కట్టేయడం, కొట్టడం, "నేనే తీశాను" అని కాగితం రాయించుకోవడం ససేమిరా వద్దు. బెదిరించి రాయించిన కాగితం కోర్టులో నిలవదు, మీ మీద అక్రమ నిర్బంధం కేసు మాత్రం నిలుస్తుంది. పనిమనిషి సంచి చూడాల్సి వస్తే ఆమె ఒప్పుకుంటేనే, మహిళా గార్డు చేతే, ఇంకొకరి ఎదుట చూడాలి. రిజిస్టర్‌లో అన్నిటికంటే ముఖ్యం: ఎన్నింటికి ఆపాం, ఎవరు ఆపారు, ఎన్నింటికి 112కి చేశాం, ఎన్నింటికి వచ్చారు, ఏ స్టేషన్, ఏ ర్యాంకు అధికారికి అప్పగించాం, అప్పుడు ఆ మనిషి ఒంటి మీద దెబ్బలు ఉన్నాయా లేవా.

కెమెరా ఫుటేజీ సంగతి మీ కేసులో ఇవాళే చూడాలి. రికార్డర్ నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలు ఫుటేజీని 30 రోజులు దాచాలంటుంది, కానీ చాలా అపార్ట్‌మెంట్ల హార్డ్ డిస్క్ పదిహేను రోజులకే నిండుతుంది. కెమెరా నంబరు, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా కావాలో రాసి, కాపీ తీయించమని సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. కోర్టుకు ఇచ్చే ఫుటేజీకి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది ఆ సిస్టమ్ బాధ్యుడు, ఒక నిపుణుడు సంతకం చేసి ఇచ్చేది, మీ పని కాదు. మీరు మాత్రం ఎవరికీ సొంతంగా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వకండి, ఏదీ డిలీట్ చేయకండి. పోలీసులు రిజిస్టర్ తీసుకెళ్తే తీసుకున్నట్టు రసీదు అడగండి, ఆ పేజీలు ఫొటో తీసి పెట్టుకోండి, కొత్త రిజిస్టర్ మొదటి పేజీలో పాతది ఎప్పుడు, ఎవరు తీసుకెళ్లారో రాయండి.

డ్యూటీ మారేటప్పుడు మీ తర్వాత వచ్చే గార్డుకు (రిలీవర్‌కు) నోటిమాటగా చెప్పి వెళ్లిపోవడం పెద్ద బలహీనత. తేలని విషయాలు ఒక్కొక్కటీ రాసి, అతని చేత చదివించి సంతకం తీసుకోండి. "బి-304 బ్యాటరీ విషయం పెండింగ్. 14వ పిల్లర్ లైటు ఇంకా వేయలేదు. సెల్లార్ తాళాలు 6 ఇచ్చాను." అతను కూడా తాళాలు లెక్కపెట్టుకున్నాకే సంతకం పెట్టాలి.

పోలీసులు వస్తే భయపడకండి. కంప్లయింట్ ఇవ్వాల్సింది బైక్ యజమాని, మీరు చూసింది చెప్పే సాక్షి. రిజిస్టర్ ఎదురుగా పెట్టుకుని అందులో ఉన్నంతే చెప్పండి. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి. దర్యాప్తులో మీరు చెప్పింది వాళ్లు రాసుకుంటారు, దాని మీద మీ సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. పంచనామా, అంటే ఘటన జరిగిన చోటును, దొరికిన వస్తువులను సాక్షుల ఎదుట చూసి రాసే కాగితం, వేరు. దానికి పంచ్‌గా, అంటే సాక్షిగా, సంతకం పెట్టమంటే మొత్తం చదివించుకుని, మీ ఎదుట జరిగిందే అందులో ఉంటే పెట్టండి. రేపు ఎప్పుడో కోర్టులో నిలబడాల్సి వస్తే, ఘటన జరిగిన వెంటనే మీరు రాసుకున్న కాగితం చూసి జ్ఞాపకం తెచ్చుకునే హక్కు సాక్షికి ఉంది. మూడేళ్ల తర్వాత ఆ జేబు పుస్తకం విలువ మీకు తెలుస్తుంది, దాన్ని పారేయకండి.

సూపర్‌వైజర్ ఒత్తిడి గురించి. ఆయనతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. ఆయనకూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. "అన్నా, పేజీ మారిస్తే మనిద్దరికీ ప్రమాదం, ఆలస్యంగా నమోదు అని కొత్త ఎంట్రీ రాశాను, ఫొటో పంపాను" అని మెసేజ్ పెట్టండి. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే ఏజెన్సీ ఆఫీసులో ఆయన పైవారికి రాతపూర్వకంగా చెప్పండి. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005 కింద లైసెన్స్ తీసుకున్న ఏజెన్సీ గార్డుకు 160 గంటల శిక్షణ ఇవ్వాలి, అందులో పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ఎలా నమోదవుతుందో కూడా నేర్పాలి. మీకు ఆ శిక్షణ ఇవ్వకుండానే గేటు దగ్గర నిలబెట్టి ఉంటే, రిజిస్టర్ సరిగ్గా రాయలేదని మిమ్మల్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

జీతం కోత విషయానికి వస్తే, వేతన చట్టం ప్రకారం ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్ల పోతేనే కోత వేయవచ్చు. అది కూడా ముందు అతని వివరణ తీసుకున్నాకే. సెల్లార్‌లో పెట్టిన ఒక నివాసి బైక్‌ను మీకు అప్పగించినట్టు ఎక్కడ ఉందో అడగండి. మీ జీతం ఇచ్చేది ఏజెన్సీ, అసోసియేషన్ కాదు, కాబట్టి నోటీసు ఏజెన్సీ నుంచి రాతపూర్వకంగా రావాలి. వచ్చినప్పుడు జవాబుతో పాటు ఆలస్యంగా నమోదు చేసిన పేజీ ఫొటో, సూపర్‌వైజర్‌కు చేసిన ఫోన్ల వివరం, సెల్లార్‌లో లైటు, కెమెరా పరిస్థితి జతచేయండి. జవాబు వినకుండా కోత వేస్తే ఆ నెల పే స్లిప్ పట్టుకుని మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. దీనికి లాయర్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసిన అర్జీ చాలు.